చుక్క కూర్చునే తీరు

రేకును ఏటవాలుగా నిలబెట్టి, పై అంచున మగ్గుడు నీళ్ళు పోసి, నీళ్ళక్క ఊపిరి బిగబట్టి చూసింది. నీళ్ళు ఒకే పొరగా కిందిదాకా జారాయి. ఎక్కడా చీలలేదు. దాన్ని రంగుగదికి పోయే గొలుసు కొక్కేనికి తగిలించి ఇంకోటి అందుకుంది. దీని మూలన పొర చిరిగి చుక్కలు చుక్కలుగా విడిపోయింది. "వచ్చావా తల్లీ, నీకోసమే చూస్తున్నా," అంటూ దాన్ని మళ్ళీ జిడ్డు వదిలించే సోడా తొట్టిలో ముంచింది.

ఫ్రిజ్ తలుపులకు రంగు వేసే కార్ఖానా అది. రోజంతా రేకుల మీద నీళ్ళు పోసి చూస్తుంది గనక అక్కడందరికీ ఆమె నీళ్ళక్క. రేకు శుభ్రంగా ఉంటే దానిమీద నీటిచుక్క ఒళ్ళు వాల్చి పడుకుంటుంది. జిడ్డుంటే ముడుచుకుని, అలిగినదానిలా నిక్కి కూర్చుంటుంది. చుక్క అంచు రేకును తాకేచోట ఉండే ఆ వాలునే స్పర్శకోణం అంటారు. కోణం తక్కువైతే రంగు పట్టుకుంటుంది, ఎక్కువైతే నాలుగు రోజులకే పెచ్చులూడుతుంది. సంగతి ఇంతే. ఇంతమాత్రం సంగతికి ఒక ఆడమనిషి జీవితమంతా ఎందుకు కావలసివచ్చిందో మాత్రం ఎవరినడిగినా చెప్పరు.

ఆ గదిలో పనిచేసేవాళ్ళు తలకు నూనె రాసుకోకూడదు. చేతులకు క్రీము పూసుకోకూడదు. తొడుగులిచ్చారు, నిజమే, కానీ ఆ తొడుగులు వేసుకునేది కూడా జిడ్డు చేతులతోనే కదా! అందుకని నీళ్ళక్క జుట్టు పీచులా ఎండిపోయింది. తొడుగుల్లోకి దిగే సోడానీళ్ళకు నానీ నానీ వేళ్ళు తెల్లగా పాలిపోయి, కణుపుల దగ్గర పగిలాయి. గోళ్ళు పలచబడి ఒంగిపోయాయి. అదంతా ఆమెకు పెద్ద బాధ కాదు. బాధల్లా ఇంట్లో ఉన్న అమ్మ.

అమ్మకు పాదాలు మంటలు. కూతురి చేత్తో కాస్త నూనె రాయించుకోవాలని ఆవిడ ఆశ. ఆ నూనె ఎంత తోమినా గోళ్ళ సందుల్లో మిగులుతుంది, మర్నాడు రేకుల మీద తేలుతుంది. ఒకసారి చేతికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని రాసి చూసింది. "సంచి రాస్తున్నట్టుంది గానీ నువ్వు రాస్తున్నట్టు లేదే," అని అమ్మ కాళ్ళు లాగేసుకుంది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. తర్వాత నీళ్ళక్క వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

ఈ పొద్దున కూడా అమ్మ అడిగింది. "మందులు ఎన్ని మింగితే ఏం లాభమే, నీ చెయ్యి పడితే నిద్రపడుతుంది."

"ఈ ఒక్కపూట ఓర్చుకో అమ్మా. ఇవాళ సరుకు పాసైతే నన్ను ప్యాకింగ్ గదికి మారుస్తామన్నారు. అక్కడ నూనెలో మునిగినా అడిగేవాడు లేడు. సాయంత్రం రాగానే రాస్తా."

"నీ సాయంత్రాలు నాకు తెలియనివా," అంది అమ్మ. అంది గానీ మొహం మాత్రం విప్పారింది.

మధ్యాహ్నం దాటాక సరుకు కొనేవాళ్ళ మనిషి చిన్న యంత్రంతో వచ్చాడు. రేకు మీద ఒక్క చుక్క వేసి, పక్కనుంచి ఫొటో తీసి, తెరమీద దాని వాలు కొలిచాడు. ప్రతి చుక్కా బుద్ధిగా వాలిపోయింది. అతను తలూపి సంతకం పెట్టేదాకా నీళ్ళక్క పెదవులు కొరుక్కుంటూనే ఉంది.

సూపర్‌వైజరు సంబరపడిపోయాడు. "నీళ్ళక్కా, పరువు నిలబెట్టావు! ప్యాకింగ్ ఎవరైనా చేస్తారు. ఇక్కడ నువ్వు కదిలితే నా కొంప మునుగుతుంది. వచ్చే ఏడాది చూద్దాంలే."

"పోయినేడాదీ ఇదే మాటన్నారు సార్."

"అనే ఉంటాను," అని నవ్వాడు. చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు, తిట్టిపోద్దామన్నా నోరు రాదు.

నీళ్ళక్కకు ఒళ్ళు మండిపోయింది. చేతకానిదైతే ఎప్పుడో బయటపడేది. బాగా చేయడమే మెడకు చుట్టుకుంది. తొడుగులు పీకేసింది. గొలుసు తిప్పే మోటారు పక్కన కందెన డబ్బా ఉంది. రెండు చేతులూ మణికట్ల దాకా అందులో ముంచి, మోచేతుల వరకూ పట్టించింది. చాలదన్నట్టు తలకూ పులుముకుంది.

"ఇప్పుడు రమ్మనండి సార్ తొట్టి దగ్గరికి."

"నీకేమైనా పిచ్చా! అది నెల్లాళ్ళకైనా వదుల్తుందా?"

"వదలకూడదనే."

అతను చెయ్యి విసిరి, "సరే, రేపట్నుంచి ప్యాకింగ్‌కే తగలడు," అన్నాడు.

ఆమె గుడ్డతో చేతులు తుడుచుకుని బయటపడింది. దారిలో నూనె సీసా కొంది. నల్లటి మరకలు, మాడుకు అతుక్కున్న జుట్టు చూసి జనం పక్కకు తప్పుకుంటున్నా పట్టించుకోలేదు. చాలా ఏళ్ళకు ఆమె నడకలో తొందర కనిపించింది.

గుమ్మంలో పక్కింటావిడ కూర్చుని ఉంది. ఈమెను చూడగానే లేచి నిలబడింది.

"టీ ఇద్దామని పిలిస్తే పలకలేదమ్మా. నిద్రలోనే పోయింది. నీకు ఫోన్ మీద ఫోన్ చేశాను."

ఫోన్లు రేకుల గదిలోకి తేనివ్వరు, వచ్చేటప్పుడు తొందరలో చూసుకోనేలేదు. నీళ్ళక్క ఆమెను దాటుకుని లోపలికి నడిచింది.

అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. మెడదాకా దుప్పటి కప్పారు. నీళ్ళక్క మంచం చివర కూలబడి, "సాయంత్రం అన్నాను కదే అమ్మా, కాస్త ఆగలేకపోయావా," అని గొల్లుమంది. ఏడుస్తూనే సీసా మూత తీసి అరచేతిలోకి వంచుకుని, రెండో చేత్తో పాదాల మీద దుప్పటి తొలగించింది.

పరుపుకు జిడ్డంటకుండా పాదాల కింద అమ్మ పరుచుకున్న పాత తువ్వాలు, నాలుగు మడతలది, ఒక్క మరకైనా లేకుండా ఉంది.