ముక్కు మేస్త్రీ

స్టవ్వులు బాగుచేసే మేస్త్రీని వీధి వీధంతా ముక్కు మేస్త్రీ అనేది. సబ్బునీళ్ళు పూసి బుడగలు చూడ్డం చేతకానివాళ్ళ పనని అతని వాదం. సిలిండరు మూతి దగ్గర ఒక్కసారి పీల్చి "కారుతోంది" అన్నాడంటే కారుతున్నట్టే. ఆ ముక్కుకి రెండు నెలల కిందట జలుబు చేసింది. జలుబు పోతూ పోతూ వాసనని కూడా వెంటబెట్టుకుపోయింది. సంగతి బయటపడితే కొట్టుకి తాళమే. తెలిసింది భార్యకొక్కర్తికే. ఆవిడ కొట్టులో తెర కట్టుకుని దాని వెనక కూర్చునేది. అతను సిలిండరు మూతిని తెరకి ఆనించి పీల్చినట్టు నటించేవాడు. కారుతుంటే ఆవిడ దగ్గేది, లేకపోతే ఊరుకునేది.

ఆ ఆదివారం తెల్లారుతూనే రెండు సైన్యాలు కొట్టు మీదికి దిగాయి. మూతపడ్డ మిల్లులో ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే బొమ్మ తుపాకులతో యుద్ధం చేసుకునే పెద్దమనుషులు. చేతులకి ఎర్ర పట్టీలు కట్టుకున్నవాళ్ళ దళపతి దర్జీ. నీలం పట్టీల దళపతి మేస్త్రీకి స్వయానా బావమరిది, పోస్టాఫీసు గుమాస్తా. తుపాకుల్లోకి గ్యాసు ఎక్కించే చిన్న ప్రొపేన్ డబ్బాలు పన్నెండూ కారుతున్నాయి.

"బావా, పదకొండింటికి యుద్ధం. అందాకా సంధి."

"సంధీ లేదు గింధీ లేదు, ముందు మావి చూడు," అన్నాడు దర్జీ.

మేస్త్రీ డబ్బాల్ని పెరట్లో ఖాళీ చేసి, అరిగిన రబ్బరు రింగులు పీకి కొత్తవి వేసి, మళ్ళీ నింపాడు. మొదటిది తెరకి ఆనించాడు. దగ్గు. రెండోదానికీ దగ్గే. విప్పి రింగు మార్చాడు. మళ్ళీ దగ్గు. చివరికి డబ్బా ఎత్తకముందే దగ్గు.

"అక్కకేమైంది?" బావమరిది తెర లాగేశాడు.

ఎర్రబడ్డ కళ్ళతో ఆవిడ రుమాలు తీసింది. "జలుబురా. చెబుదామంటే తెల్లారుతూనే ఊడిపడ్డారు. ఇప్పుడు నాకూ వాసన తెలీడం లేదు."

"నీకూ అంటే?" అన్నాడు దర్జీ.

మేస్త్రీ చేతిలోని స్పానరుకేసి చూస్తూ, "రెండు నెలలైంది," అన్నాడు. లేచి తనే చెంబులో సబ్బు గిలక్కొట్టాడు. పన్నెండింటికీ పూశాడు. రెండు సైన్యాలూ గొంతుక్కూర్చుని చూశాయి. ఒక్క బుడగా లేవలేదు.

దర్జీ తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. "మేస్త్రీ, పోయినవారం మిల్లులో నేను ఆరుసార్లు చచ్చాను. సోమవారం కొట్టు తెరిస్తే ఒక్కడైనా ఆ మాటెత్తాడా? మా మాట మాలోనే. నీ ముక్కూ అంతే."

"మావాళ్ళని బందీలుగా పట్టుకున్నా సరే, నోరు విప్పరు బావా," అన్నాడు బావమరిది.

మేస్త్రీ చివరి డబ్బాని తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు.

"కారడం లేదు," అన్నాడు.

రెండు సైన్యాలూ హమ్మయ్య అనుకున్నాయి.