సితార పథ్యం

పిల్లికి ఏం పెట్టాలో సాలెవాడలో అందరికీ తెలుసు. కమలవ్వకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇంటి ముందు నుంచి ఎవరు పోయినా సరే, లోపలికి తొంగి చూసి, మగ్గం గుంజకు కట్టేసి ఉన్న జబ్బు పిల్లి సితారను చూసి, ఒక సలహా పడేసి పోయేవారు. ఆముదం తాగించమని ఒకరు, వాము నీళ్ళు పట్టమని ఇంకొకరు. పక్క మగ్గం కొమురెల్లి అయితే గడప మీద కూర్చుని, తీరిగ్గా చుట్ట ముట్టించుకుని, "దిష్టి తల్గింది. మిరపకాయలు తిప్పి పొయ్యిల ఎయ్యి" అన్నాడు. కమలవ్వ ఆ ముచ్చటా తీర్చింది. ఇల్లంతా ఘాటు కమ్మి మనుషులూ పిల్లీ కలిసి దగ్గారు.

"దగ్గొచ్చిందా? అయితె దిష్టి గాదు" అని తేల్చేసి, ఏదో పెద్ద పని చక్కబెట్టినవాడిలా కొమురెల్లి చుట్ట ఆర్పుకుని వెళ్ళిపోయాడు.

సితార ముందున్న గిన్నెలో గంజన్నం అలాగే ఉంది. పొద్దున గంజన్నం, సందేళ పప్పన్నం. వానాకాలం నుంచీ ఆ పిల్లికి అదే తిండి. అలా ఎందుకయిందో చెప్తే నవ్వొస్తుంది గానీ, ఆ ఇంట్లో ఉండి చూస్తే ఏడుపే వస్తుంది.

ఆ వానల్లో కమలవ్వ మొగుడు కైలాసం బావి గట్టు మీద జారి పడి కుడి చేయి విరగ్గొట్టుకున్నాడు. కుడి చేత్తో తాడు లాగితే గాని మగ్గంలో నూలు మోసే నాడె పరుగెత్తదు. చేయి లేకపోతే నేత లేదు. అత్త చంద్రవ్వ కొండగట్టు దిక్కు తిరిగి కొంగు పట్టి మొక్కింది. కొడుకు చేయి బాగైతే ఇంటిల్లిపాదీ కొండెక్కి అంజన్నను చూస్తామనీ, ఎక్కేదాకా ఇంట్లో ప్రాణమున్నవాళ్ళెవరూ నీసు ముట్టబోమనీ. నీసంటే మాంసం, చేప, గుడ్డు, అన్నీ. దసరాకు ముందే కట్టు విప్పారు. చేయి బ్రహ్మాండంగా ఆడింది. అంజన్న తన మాట నిలబెట్టుకున్నాడు, కైలాసమే కొండకు కదల్లేదు. ముందు మగ్గం మీదున్న పడుగు నేయడం అయిపోయి దిగాలన్నాడు. దిగింది. కొత్త పడుగు ఎక్కించి, ఇది కూడా దిగనీ అన్నాడు. చలి అన్నాడు, బస్సుల్లో జనం అన్నాడు. వాడంతా మాంసం ఉడికిన వాసనలో దసరా పండుగ వెళ్ళిపోయింది. కమలవ్వ బీరకాయ వండింది.

మనుషుల సంగతి సరే. మొక్కిన వారంలోనే సితార ఒక ఎలుకను పట్టుకొచ్చి మగ్గం పక్కనే కూర్చుని నమిలింది. చంద్రవ్వ నెత్తి కొట్టుకుంది.

"ప్రాణమున్నోళ్ళెవ్వరం ముట్టమని మొక్కిన. గిది ప్రాణం గాదా? మొక్కు తప్పితె నా కొడుకు చెయ్యి ఏం గావాలె?"

అంతే, ఆ పూటే పిల్లి మెడకు తాడు పడింది. తర్వాత రాజ్యం ఎలుకలది. గంజి పట్టిన పడుగంటే వాటికి పెళ్ళి భోజనం. సితార కళ్ళ ముందు నుంచే తిరునాళ్ళకు పోతున్నట్టు పోయేవి. పొద్దున లేచి తెగిన పోగులు అతుకుతూ కూర్చోవడం కమలవ్వ వంతు.

పోగులు తెగితే అతకవచ్చు. పిల్లి మాత్రం రోజురోజుకీ తీసిపోతోంది. పక్కటెముకలు బయటపడ్డాయి. పొద్దు వాలితే కళ్ళు ఆనక, ముందున్న గిన్నెకే మూతి కొట్టుకుంటోంది. తల్లిగారింటి నుంచి ఒడిలో పెట్టుకుని తెచ్చుకున్న పిల్లి అది. చచ్చిపోతుందని కమలవ్వకు భయం పట్టుకుంది. ఆ భయం పైకి చెబితే ఇంకో నాలుగు సలహాలు వచ్చి పడతాయని నోరు మూసుకుంది.

చివరికి పక్కింటి దెబోరాను తోడు తీసుకుని, సితారను గంపలో పెట్టుకుని పశువుల దవాఖానకు పోయింది. అక్కడి కంపౌండర్ ఒక ఎద్దు నోట్లో గొట్టంతో మందు పోస్తూ, తల తిప్పకుండానే అడిగాడు.

"నెమరేస్తుందా?"

"పిల్లి సారూ."

అప్పుడు చూశాడు. "ఏం పెడుతున్నవ్?"

"గంజన్నం."

"పిల్లికి గంజన్నమేందమ్మా? చాప పెట్టు. ఎండుచాప తలకాయలైనా మంచిదే. మందేం అక్కరలేదు."

"మొక్కున్నది సారూ. ఇంట్ల అందరికి."

"పిల్లి గూడ మొక్కిందా?"

కమలవ్వ సితారను గంపలోకి ఎత్తుకుంది. కంపౌండర్ మళ్ళీ ఎద్దు వైపు తిరిగాడు.

తిరుగు దారిలో దెబోరా గంప అందుకుంది. ఆదివారం ఆదివారం మిషను గుడికి పోయే మనిషి, వాళ్ళింట్లో ఈ మొక్కుల గొడవ లేదు. "నాకియ్యి వదినె. మా ఇంట్ల ఎండుచాపలున్నయి. జర తేరుకున్నంక తోల్కపో" అంది. కమలవ్వ ప్రాణం లేచి వచ్చింది. ఇంటికొచ్చి అత్తను అడిగితే ఆ ప్రాణం మళ్ళీ కూలబడింది.

"ఏ గడపల తిన్నా గీ ఇంటి పిల్లే గదనే" అంది చంద్రవ్వ.

"అయితె రేపే కొండకు పోదమయ్యా" అని కమలవ్వ మొగుడి మీద పడింది.

"పడుగు దిగనియ్యి అంటున్న గద. అందాక పిల్లికి చాప పెట్టి మొక్కుతోని ఆటలాడుతవా? నా చెయ్యి మళ్ళ పడిపోతె నువ్వు నేస్తవా?"

ఆ చేతి పేరెత్తితే ఇంట్లో ఇక మాట లేదు. కైలాసం కండువా దులిపి భుజాన వేసుకుని కల్లు దుకాణానికి బయల్దేరాడు. కల్లు చెట్టు నుంచి వచ్చేది కాబట్టి నీసు కిందికి రాదని చంద్రవ్వ మొదట్లోనే తీర్పు ఇచ్చింది. అందుకని ఆ ఒక్క పనికి పడుగూ అడ్డం రాలేదు, చలీ అడ్డం రాలేదు.

దీపాలు పెట్టే వేళకు అతను తిరిగొచ్చాడు. సితార పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పిలిస్తే చెవి కూడా కదపడం లేదు. కమలవ్వ దాని తల ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. ఆ ఏడుపు చూసి చంద్రవ్వకూ మనసు కరిగింది.

"అరే కైలాసం, ఇటు రా. దాని మీద జర నీ చెయ్యి పెట్టు."

"నేను పెడితె ఏమైతదే అవ్వా?"

"అంజన్న బాగుచేసిన చెయ్యి. గా చేతికి మైమ ఉంటది. పెట్టు."

కైలాసం గునుస్తూనే వంగి, కుడి చేయి పిల్లి ముఖం మీద పెట్టాడు. సితార ముక్కు కదిలింది. కళ్ళు తెరుచుకున్నాయి. ముందు కాళ్ళు రెండూ చాచి ఆ చేతిని పట్టుకుని, వేళ్ళు నాకడం మొదలుపెట్టింది. అరచేయి నాకింది, వేళ్ళ సందులు నాకింది, గోళ్ళ కింద వెతికి వెతికి నాకింది. అతను చేయి లాక్కోబోతే గుర్రుమని బొటనవేలు కరిచి పట్టుకుంది.

"సూసినవా, మైమ" అని చంద్రవ్వ చేతులు జోడించబోయి ఆగిపోయింది. కొడుకు మణికట్టు పట్టుకుని ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. ఒకసారి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

"చాపలు తిన్నవా?"

కైలాసం చేయి విడిపించుకుని కండువాకు తుడుచుకున్నాడు.

"ఎప్పటి సంది?"

"దసరా... దసరకాడి సంది జర్రంత" అన్నాడు. "అది దుకాణంలనే అవ్వా. ఇంట్ల గాదు గద."

కమలవ్వకు కోపంతో తల తిరిగిపోయింది. గుడ్డు పెంకు కూడా ముట్టకుండా తను గడిపిన రోజులు, అతికిన పోగులు, దవాఖానకు మోసిన గంప, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అనవలసినవి చాలా ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోపే చంద్రవ్వ వంగి పిల్లి మెడలో తాడు ముడి విప్పడం మొదలుపెట్టింది. ముసలి చేతులకు ముడి ఒక పట్టాన రాలేదు. పళ్ళతో పట్టి లాగింది.

"మొక్కింది నీ చేతి కోసం. నీ చెయ్యే తప్పె. ఇంక గీ నోరులేని దాన్ని కట్టేసుడెందుకు? అంజన్నకు తప్పుదండం నేను పెట్టుకుంట. కమలా, దెబోరా ఇంటికి పోయి చాపలు పట్టుకరా బిడ్డా."

కమలవ్వ వెళ్ళి కొంగు నిండా ఎండుచేపల తలకాయలతో తిరిగొచ్చింది. కైలాసం కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చుని ఉన్నాడు. అతని ముందు చంద్రవ్వ ఒక గిన్నె పెట్టింది. అది సితార గిన్నె. అందులో ఉన్నది పొద్దుటి గంజన్నం.

"కొండెక్కే దాక నీకు గిదే" అంది తల్లి.

కైలాసం ఒక ముద్ద మింగాడు. "ఉప్పు సుత లేదు" అన్నాడు పెళ్ళాం ముఖం చూస్తూ.

"దానికి సుత ఎయ్యలేదయ్యా" అంది కమలవ్వ.

మగ్గం పక్కన సితార చేప తలకాయను కాలి కింద అదిమి పట్టి కరకర నమలడం మొదలుపెట్టింది. కైలాసం ఆ చప్పుడు వింటూ రెండో ముద్ద గిన్నెలోనే వదిలేశాడు.

"కొండగట్టుకు పొద్దుగాల బస్సు ఎప్పుడే?" అని అడిగాడు.