పొయ్యి రాళ్ళు

అల్లం పంట దుంపకుళ్ళుతో పోయింది. దాని మీద చేసిన అప్పులు మాత్రం ఏ తెగులూ తగలకుండా పెరిగాయి. సాలూరు వెళ్ళి ఐపీ పెట్టాను. అప్పు తీర్చలేనని కోర్టులో చెప్పుకోవడమన్నమాట. ఐపీ పెట్టినవాడి ఇల్లు కోర్టువాళ్ళు జప్తు చేస్తారని పాచిపెంట సంతలో ఎవడో అన్నాడు. వాడికి ఇల్లూ లేదు, అప్పూ లేదు. అయినా వాడి మాటే నమ్మాను. నా బుద్ధి అలాంటిది.

మా ఊళ్ళో ఇల్లు వదిలేసేవాళ్ళు పొయ్యి రాళ్ళు బయటికి తీసేస్తారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఇల్లనరు, ఉత్త గోడలే. గోడల్ని ఎవడు జప్తు చేస్తాడు? రాళ్ళు తీయించాను, పైకప్పు రేకులు విప్పాను, కొండ మీద మా చేలో పాక వేశాను. నా భార్య లూర్దమ్మ మరియతల్లి పటాన్ని కొంగులో చుట్టుకుని నా వెనక నడిచింది.

నాలుగు రోజులకి లాయరు రాజకుమారి ఫోన్ చేసింది. "దైవాధీనంగారూ, ఎల్లుండి కోర్టు అమీనా మీ ఇల్లు చూడ్డానికొస్తాడు. ఇంట్లోనే ఉండండి."

"ఇంకిల్లెక్కడిదమ్మా. రేకులిప్పేసి సేలోకొచ్చేసినాం. కోర్టోలు పట్టుకెళ్ళడానికి ఏటీ మిగల్లేదు," గొప్పగా చెప్పాను.

"ఎవరు చెప్పారండీ మీకు? రైతు కాపురముంటున్న ఇంటిని జప్తు చేయకూడదని చట్టంలోనే ఉంది. కాపురముండటమే అందులో ముఖ్యం. ఖాళీ ఇల్లు చూపించి నేనేం వాదించను?"

ఎవరూ అడగని ఇంటిని నా చేతులతో నేనే పోగొట్టుకుంటున్నాను. పైన మబ్బు పట్టింది. తడిస్తే మట్టిగోడలు నిలవవు.

"ఏటంట?" అంది లూర్దమ్మ. చెప్పాను. తిడుతుందనుకున్నాను. పాకలోంచి ఒక పొయ్యి రాయి ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "బేగి రా. రేకులు నువ్వు మొయ్యి."

అమీనా వచ్చేసరికి సగం కప్పే వేయగలిగాం. మిగతా సగంలోంచి జల్లు కొడుతోంది. పొయ్యి మీద అంబలి ఉడుకుతోంది. ఆయన కప్పు వంక చూసి, "ఎప్పట్నుంచి ఉంటున్నారిక్కడ?" అన్నాడు. నేను లూర్దమ్మ వంక చూశాను.

"నాను కోడలిగా వొచ్చినకాడ్నుంచి," అంది లూర్దమ్మ. "మద్దిలో ఈయన బయపడి సేలోకి తీసుకుపోనాడు. మల్లీ వొచ్చినాం."

ఆయన రాసుకుని, చదివి వినిపించాడు: కాపురముంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. లూర్దమ్మ కొంగులోంచి పటం తీసి, గోడకి మేకు ఎక్కడుందో వెతకసాగింది.