చెయ్యెత్తి అడగాలి

నా పడవలో నోరు విప్పాలంటే ముందు చెయ్యెత్తాలి. నేను తలూపాకే మాట్లాడాలి. ఇరవై ఏళ్లు సరంగుగా తెరచాప పడవని ఈ నియమం మీదే నడిపాను. గాలి హోరులో ఆరుగురు ఆరు మాటలు అంటే పడవ మునుగుతుందని నా వాదన. ఎదురు చెప్పినవాడు లేడు. ఎలా చెబుతాడు, దానికీ నేను తలూపాలి కదా. సొంత తమ్ముడు కూడా ఒడ్డున అన్నయ్యా అనేవాడు, పడవెక్కితే సరంగు గారూ అనేవాడు. దానికి మురిసిపోయేవాణ్ణి, సిగ్గులేకుండా.

తమ్ముడు పోయిన నాలుగో రోజు మరదలి ఇంటికి వెళ్లాను. రేవులో పడవలన్నిటికీ తెరచాపలు కుట్టేది ఆమే. ముందు గది నిండా చిరిగిన మా తెరచాప పరిచి ఉంది. ఆమె నేలమీద కూర్చుని ఒక్కో కుట్టూ వేలితో తడిమి చూస్తోంది. తిండీ నిద్రా ఉన్నట్టు లేవు.

"బావగారూ, నా కుట్టు ఊడిందనే అందరూ అంటున్నారు. నిజమేనా? నా చేతులతో నేనే ఆయన్ని చంపుకున్నానా?"

ఆ పుకారు నేను పుట్టించలేదు. విని ఊరుకున్నాను, అంతే. ఇప్పుడూ ఊరుకుంటే నా పేరు నిలుస్తుంది. ఆమె బతికినంతకాలం ఆ కుట్లు తడుముతూనే ఉంటుంది.

"నీ కుట్టు కాదమ్మా. తెరచాప అడుగు వాసాన్ని పట్టి ఉంచే తాడు తెగింది. తెరచాప ఆ తర్వాతే చిరిగింది. తాడు అరిగిపోవడం వాడు చూశాడు. చెప్పడానికి చెయ్యెత్తాడు. నేను పడవ తిప్పుతూ ఆగమన్నాను. ఆగాడు. అంతలో తాడు తెగి, వాసం గిర్రున తిరిగొచ్చి వాణ్ణి నీళ్లలోకి కొట్టేసింది."

"ఏ చెయ్యి ఎత్తాడు?"

"కుడి చెయ్యి."

"అంటే పడవని పట్టుకునే చెయ్యే వదిలి ఎత్తాడు," అంది. తెరచాప మడత పెట్టడం మొదలుపెట్టింది. ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఈ మాట రేవు ఆఫీసులో చెప్పి రండి. అప్పటిదాకా ఈ గడప తొక్కకండి."

రేవు ఆఫీసులో విచారణకి మా పడవవాళ్లు మిగిలిన నలుగురూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. మరదలికి చెప్పిందే అక్కడా చెప్పాను. తప్పు నాది, కుట్టుది కాదు అన్నాను. అధికారి రాసుకుని, "మీరేమైనా చెప్పాలా?" అని వాళ్లని అడిగాడు. నలుగురూ నా వైపే చూశారు. వాళ్లలో ముసలి కళాసీ మెల్లగా చెయ్యెత్తాడు.

"చెయ్యి దించు. చెప్పు," అన్నాను.

"ఆ తాడు సంగతి బయల్దేరేముందే మాకు తెలుసండీ. ఇద్దరం చెయ్యెత్తాం కూడా. మీరు ఇటు చూడలేదు."