అమ్మవారు ఎన్నాళ్ళని చెప్పలేదు

కోడలిగా వచ్చిన ఈ రెండేళ్ళలో ఆ ఇంట్లో వాళ్ళు ప్రసన్నకుమారిని అనని దేవత లేదు. గడపలో బియ్యం చెంబు కాలితో తోసిన రోజు మహాలక్ష్మి. బీఎస్సీ ఫస్టు క్లాసని చుట్టాలకి చెప్పుకునేటప్పుడు సరస్వతి. రొయ్యల చెరువు పట్టుబడికి వచ్చిన కూలీలందరికీ వేళకి వండి పెడితే అన్నపూర్ణ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పాలగిన్నెని గట్టు మీద కాస్త గట్టిగా పెడితే, "అమ్మో, కాళికాదేవి!" అంటూ మామగారు భద్రిరాజు నవ్వుతూ వాకిట్లోకి తప్పుకున్నారు. ఇన్ని పేర్లు పెట్టారు గానీ, ఆమె అడిగిన ఒక్క మాటకి మాత్రం ఆ ఇంట్లో జవాబు లేదు.

అడిగింది ఉద్యోగం. మొగల్తూరులోని పుట్టింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ప్రసన్న. నరసాపురం బస్సులో నిలబడి వెళ్ళి, నిలబడి వచ్చి జువాలజీ చదివింది. తనతో చదివిన ఇంద్రజ ఇప్పుడు భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తోంది. అక్కడ ఇంకొకరు కావాలన్నారు.

"మా సార్‌కి నీ గురించి చెప్పానే," అంది ఇంద్రజ ఫోన్‌లో. "దసరా వెళ్ళిన సోమవారం వచ్చి చేరాలి. రాకపోతే ఏలూరు అమ్మాయిని తీసేసుకుంటారు. అంతే."

అంతే అనేసింది గానీ, ఆ ఇంట్లో ఏదీ అంతేతో తెమలదు. అక్కడ ఎవరూ కాదనరు. అదే వచ్చిన చిక్కు. కాదంటే పోట్లాడొచ్చు, ఏడవొచ్చు, ఓ పూట అన్నం మానేయొచ్చు.

"చూద్దాం లేమ్మా. పండగ వెళ్ళనీ," అన్నారు భద్రిరాజు పేపరు మడుస్తూ. అంతకుముందు వినాయక చవితి వెళ్ళనీ అన్నారు. దానికి ముందు శ్రావణమాసం వెళ్ళనీ అన్నారు.

"నాదేముందమ్మా, మీ మామయ్యగారు ఊ అంటే నాకేం?" అంది అత్తగారు బుల్లెమ్మ.

"నాన్నగారుండగా నేనెలా చెప్తానండి? అమ్మని అడిగి చూడండి," అన్నాడు భర్త సూర్యనారాయణరాజు. అతను పెళ్ళాన్ని కూడా అండి అనే పిలుస్తాడు. ఎంత కోపమొచ్చినా ఆ అండి దగ్గర జారిపోతుంది.

మామగారి దగ్గర్నుంచి అత్తగారు, అత్తగారి దగ్గర్నుంచి మొగుడు, మొగుడి దగ్గర్నుంచి మళ్ళీ మామగారు. గుడి చుట్టూ ఇన్నిసార్లు తిరిగితే పుణ్యమైనా వచ్చేదని ప్రసన్న పళ్ళు నూరుకుంది.

దానికి తోడు ఆ ఏడు ఊళ్ళో నవరాత్రి పందిట్లో ప్రవచనం పెట్టించారు. రాజమండ్రి నుంచి ఒక పంతులుగారు వచ్చి, రోజుకొక అమ్మవారి గురించి చెబుతున్నారు. మైకు మాట ఊరంతా వినబడుతోంది.

"స్త్రీ తనలోని శక్తిని తాను గుర్తించాలి! లే! మేలుకో తల్లీ!"

"అమ్మాయ్, గారెలకి పప్పు రుబ్బావా?" అని కేకేసింది బుల్లెమ్మ.

ఆయన ఏ ఆడవాళ్ళని లెమ్మంటున్నారో వాళ్ళంతా ప్రసాదాలు వండుతూ పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నారు. పందిట్లో జంపఖానాల మీద కూర్చుని తలలూపుతున్నది మగవాళ్ళు. భద్రిరాజు మొదటి వరసలో కూర్చుని వచ్చి, "అబ్బ, శక్తి గురించి ఎంత బాగా చెప్పాడమ్మా! నువ్వు విని తీరాల్సింది," అన్నారు. అని, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు తెమ్మన్నారు.

అష్టమి నాటి మాట ఒకటి మాత్రం గ్రైండరు చప్పుడులో కూడా ప్రసన్న చెవిలో పడింది. అమ్మవారికి శివుడు శూలమిచ్చాడట, విష్ణువు చక్రమిచ్చాడట, హిమవంతుడు సింహాన్నిచ్చాడట. అందరూ ఇచ్చి పక్కకి నిలబడ్డారు. యుద్ధం మాత్రం ఆవిడే చేయాల్సి వచ్చింది. 'అయితే ఆవిడదీ మా ఇల్లులాంటి ఇల్లే' అనుకుంది ప్రసన్న, పిండి గిన్నెలోకి తోస్తూ.

మర్నాడు మహర్నవమి. ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. నవమి నాడు ఇంటి కోడలిని పీట మీద కూర్చోబెట్టి అమ్మవారిగా పూజిస్తారు. ఏడాదంతా కోడలు ఎవరి కాళ్ళకి నీళ్ళిస్తుందో ఆ మామగారే ఆ రోజు ఆమె పాదాలు పసుపునీళ్ళతో కడిగి, కొత్త చీర పెట్టి, చేతులు జోడించి, "ఏం కావాలి తల్లీ?" అని అడగాలి. కోడలు, "మీరంతా చల్లగా ఉండాలి," అనాలి. అంతటితో హారతి ఇచ్చేసి భోజనాలకి లేస్తారు. నిరుడు ప్రసన్న అలాగే అంది. అందరూ చల్లగానే ఉన్నారు. ఆమె ఒక్కతే పొయ్యి దగ్గర ఉంది.

ఈసారి పీట మీద కూర్చునేసరికి ఆమె ఒళ్ళు హూనమైపోయింది. తెల్లారకుండా లేచి పులిహోర, చక్రపొంగలి, గారెలు అన్నీ ముగించింది. పొగకి గొంతు బొంగురుపోయింది. ఎదురుగా భద్రిరాజు బట్టతల వంచి, కళ్ళు మూసుకుని, "ఏం కావాలి తల్లీ?" అన్నారు.

రెండేళ్ళలో ఆయన ఆ మాట అడగడం రెండోసారి. రెండుసార్లూ పీట మీద ఉండగానే.

"సోమవారం నుంచి భీమవరం ల్యాబ్‌లో ఉద్యోగానికి వెళ్ళాలి," అంది ప్రసన్న. "పంపించండి."

మాట బొంగురు గొంతులోంచి అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. మంత్రం చదువుతున్న పురోహితుడు ఆగిపోయాడు. సూర్యనారాయణరాజు చేతిలో గంట ఆగిపోయింది. అప్పుడు భద్రిరాజు అక్కగారు సూరమ్మ రెండు చేతులూ ఎత్తి ఒక్క కేక పెట్టింది.

"అమ్మవారు పలికిందిరో భద్రీ! చూస్తావేంట్రా, పడు, కాళ్ళ మీద పడు!"

భద్రిరాజు ఉన్నపాటున సాష్టాంగపడిపోయారు. "చిత్తం తల్లీ! అలాగే తల్లీ! తప్పయిపోయింది తల్లీ!"

శ్రావణమాసం నుంచి తెమలనిది ఒక్క నిమిషంలో తెమిలిపోయింది. ఎవరో వేపమండ తెచ్చారు, ఎవరో నిమ్మకాయ చేతిలో పెట్టారు. అమ్మవారు కాదు, నేనేనని చెప్పబోయి ప్రసన్న ఊరుకుంది. వచ్చిందేదో వచ్చింది, ఎలా వస్తేనేం అనిపించింది.

ఎలా వస్తేనేం అన్నది ఎంత పొరపాటో సాయంత్రానికే తెలిసింది.

"నీకేం గుర్తుండదులే అమ్మా. ఒళ్ళు తెలీకుండా పలికావు," అంది సూరమ్మ జాలిగా.

"గుర్తుందండి, దొడ్డమ్మగారూ."

"ఊరుకో, అలాగే అనిపిస్తుంది."

చీకటి పడకముందే వాకిట్లో జనం. పక్కవీధి లోవలక్ష్మి చేతిలో నిమ్మకాయతో నిలబడింది. "మా చెరువులో రొయ్యలు తెల్లమచ్చతో తేలిపోతున్నాయి తల్లీ. ఎవరు దిష్టి పెట్టారో ఒక్క మాట చెప్పు."

"దిష్టి కాదండి, అది వైరస్సు."

"ఆయ్, అలాగే తల్లీ. ఆ వైరస్సు ఎవరు పెట్టారో చెప్పు."

ప్రసన్న తల బాదుకుంది. దానికీ దణ్ణం పెట్టేశారు. సూరమ్మ వచ్చే శుక్రవారం నుంచి వారం వారం ఆమెని పీట మీద కూర్చోబెడదామని, వాకిట్లో చాపలెన్ని పడతాయో చూసుకుంటోంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక భద్రిరాజు అందరినీ హాల్లోకి పిలిచారు.

"వ్యాను మాట్లాడాను. రేపు అందరం భీమవరం వెళ్తున్నాం. ల్యాబ్‌లో కొబ్బరికాయ కొట్టి, అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, సాయంత్రానికి తిరిగొచ్చేద్దాం."

"తిరిగొచ్చేయడమేంటి మామయ్యగారూ? ఎల్లుండి కూడా వెళ్ళాలి కదండీ."

"అమ్మవారు సోమవారం అన్నారమ్మా. ఎన్నాళ్ళని చెప్పలేదు కదా? నేను పంతులుగార్ని కూడా అడిగాను. ఒక్కరోజు వెళ్ళొచ్చినా ఆజ్ఞ నెరవేరినట్టే అన్నారు." ఎంతో శ్రమపడి అందరికీ మంచి జరిగే దారి కనిపెట్టినవాడిలా ఆయన నవ్వారు.

"సోమవారం నుంచి అన్నానండి."

"అలా అన్నారా? మరి నాకు సోమవారం అనే వినపడిందమ్మా."

ప్రసన్నకి ఆ క్షణాన నిజంగానే ఒళ్ళు తెలియలేదు. కావాలంటే ఇప్పుడే కళ్ళు తేలేసి, జుట్టు విరబోసి, ఇంకో ఆజ్ఞ జారీ చేయొచ్చు. ఈయన మళ్ళీ పడిపోతారు. ఆ తర్వాత జీతం పెరిగితే ఒక ఆజ్ఞ, బస్సు ఆలస్యమైతే ఒక ఆజ్ఞ. బతుకంతా పీట మీద నుంచే మాట్లాడాలి. శూలం ఇచ్చినవాళ్ళ పేరు చెప్పుకుని అమ్మవారు యుద్ధం చేయలేదు కదా అని గుర్తొచ్చింది.

"మామయ్యగారూ, నవమి నాడు మాట్లాడింది అమ్మవారు కాదండి. నేనే."



"తప్పమ్మా, అలా అనకూడదు," అంది సూరమ్మ చెంపలేసుకుంటూ.

"పూనకం కాదండి దొడ్డమ్మగారూ. పొగకి గొంతు పోయింది. అడిగింది ప్రసన్నకుమారి."

భద్రిరాజు ముఖం ఎర్రబడింది. "అంటే... నేను నీ కాళ్ళ మీద పడ్డానా?"

"పడ్డారండి. నేను పడమనలేదు. నేను ఉద్యోగమే అడిగాను. అంతకుముందు పేపరు చదువుతున్నప్పుడు అడిగాను, కాఫీ ఇస్తూ అడిగాను. అప్పుడు వినపడలేదు. పీట మీద కూర్చుంటే వినపడింది. నన్ను లక్ష్మన్నారు, సరస్వతన్నారు, సంతోషమేనండి. ఆ సరస్వతి చదివిన చదువు ఎందుకండీ మరి? వాళ్ళెవరూ నా బదులు బస్సెక్కరు. రేపు నేనే వెళ్తాను. ఎల్లుండి కూడా వెళ్తాను."

ఆయన నోరు తెరిచారు. "చూద్దాం లే..."

"చూడ్డానికేం లేదండి. ఎనిమిదింటికి బస్సు."

అంతలో ఒక వింత చప్పుడు వినబడింది. బుల్లెమ్మ నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగడం లేదు. "నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచి... ఈయన ఒకరి కాళ్ళ మీద పడ్డం... చూళ్ళేదే అమ్మాయ్... అదీ నీ కాళ్ళ మీద!" అని కళ్ళు తుడుచుకుంది. భద్రిరాజు లేచి, చెప్పులేసుకుని, వ్యాను వద్దని చెప్పడానికి వెళ్ళిపోయారు. సూర్యనారాయణరాజు గొంతు సవరించుకుని, "బస్టాపు దాకా నేను దింపుతానండి," అన్నాడు. ఆ ఇంట్లో అతను ఎవరినీ అడగకుండా చెప్పిన మొదటి మాట అదే.

సోమవారం పొద్దున భద్రిరాజు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. "వెళ్ళొస్తానండి మామయ్యగారూ," అంటే పేపరు కదిలింది గానీ మాట రాలేదు. చూద్దాం అని కూడా రాలేదు. బుల్లెమ్మ టిఫిను బాక్సు చేతిలో పెట్టింది. "పప్పు నేనే రుబ్బుకుంటాలే. ఆ గ్రైండరు మీట ఎటు తిప్పాలో చెప్పి పో," అంది విసుగ్గా.

బస్టాపులో లోవలక్ష్మి మళ్ళీ నిమ్మకాయతో ఎదురైంది. "తల్లీ, మా చెరువు సంగతి..."

"నిమ్మకాయ ఇంటికి పట్టుకెళ్ళి పులుసులో పిండుకోండి అక్కా," అంది ప్రసన్న. "రేపు ఇదే వేళకి ఒక శుభ్రమైన సీసాలో మీ చెరువు నీళ్ళు, తేలిన రొయ్యలు నాలుగు తెండి. అవి చూసి చెప్తాను."

"రేపు కూడా వెళ్తావా తల్లీ?"

"ఆయ్," అంది ప్రసన్న, బస్సుకి చెయ్యెత్తుతూ.