నీలం కాగితం

మంగళవారం పదకొండింటికి డాక్టరమ్మ ఫోన్ తెర మీదికి వస్తుందంటే, ఫోటోగ్రాఫరు పదింటికే ముందుగదిలో కుర్చీ అటూ ఇటూ జరపడం మొదలుపెట్టేవాడు. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి. స్టూడియో మూసేసినా చేతులు ఊరుకోవు. ఎవరినైనా సరే, ఉన్నదానికంటే ఓ పిసరు బాగా చూపించడమే ఆయన పని.

ఆయన భార్యకి రొమ్ము క్యాన్సరు. ఆపరేషన్ అయిపోయి, ఇప్పుడు ఇంట్లోనే మాత్రలు వేసుకుంటోంది. ఆసుపత్రి ఆరుగంటల ప్రయాణం. వెళ్ళొచ్చిన ప్రతిసారీ రెండ్రోజులు మంచం దిగలేకపోయేది. అందుకని నెలకోసారి దగ్గర్లోని ల్యాబులో రక్తపరీక్ష, వారానికోసారి ఫోన్‌లో డాక్టరమ్మ అని ఏర్పాటు చేశారు. ముందురోజు ఫోన్‌కి ప్రశ్నల పట్టిక వస్తుంది. వాంతులున్నాయా, దురద ఉందా, మూత్రం రంగు మారిందా? ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందుగదిలోంచి గట్టిగా చదివేవాడు. ఆమె వంటగదిలోంచి "లేదు" అనేది. ఆయన "లేదు" మీద నొక్కేవాడు.

"కొంచెం గడ్డం పైకెత్తు. ఆఁ, అంతే. కదలకు."

"పెళ్ళిచూపులా ఏమిటండీ?"

"డాక్టరైనా మనిషే కదా. మొహం వేలాడేసుకుని కూర్చుంటే మందు ఆపేద్దాం అంటుంది."

ఆ మాటతో ఆమె గడ్డం దానంతటదే పైకి లేచేది. చలికాలంలో ఒకసారి నీరసంగా ఉందని రెండు వారాలు మందు ఆపారు. ఆ రెండు వారాలూ ఇద్దరికీ ముద్ద దిగలేదు.

మూడు వారాల కిందట తెర మీద ఆమె మొహం కాస్త పసుపుగా కనిపించింది. బల్బుది తప్పనుకున్నాడు. కొత్తది పెట్టాడు. ఆ పై వారం ఇంకా పసుపే. "ఈ ఫోన్‌కి రంగులంటే ఏం తెలుసు!" అని విసుక్కుని, అటక మీంచి పాత పెట్టె దింపి, గాజులా వెలుగు పోనిచ్చే లేత నీలం కాగితం ఒకటి తీసి దీపానికి చుట్టాడు. స్టూడియోలో పసుపుకి అదే విరుగుడు. భార్య మొహం కడిగిన ముత్యంలా తేరుకుంది. "ఇవాళ చాలా తేటగా ఉన్నారమ్మా, ఇదే మోతాదు కొనసాగిద్దాం" అంది డాక్టరమ్మ. ఆ పూటంతా ఆయన ఈల వేస్తూనే ఉన్నాడు.

ఈ మంగళవారం మరదలు దిగింది. చెల్లెలు ఉంటే అక్కకి ధైర్యంగా ఉంటుందని ఆయనే రమ్మన్నాడు. "ఏం 'కదలకు' బావా, బాగున్నావా?" అంటూ, ఫోటోలప్పటి ఆయన మాటతోనే ఆటపట్టిస్తూ లోపలికొచ్చింది. అక్క ఏదని అడిగి, వెనక వరండాలో బట్టలు మడతపెడుతోందనగానే అటే వెళ్ళింది. రెండు నిమిషాల తరవాత మళ్ళీ గొంతు వినిపించింది. ఈసారి అందులో వేళాకోళం లేదు.

"బావా, ఒకసారి ఇలా రా."

"ఆగవే, లైటు సర్దుతున్నా."

"నీ లైటు తగలెయ్య, ముందు రమ్మంటుంటే!"

వెళ్ళాడు. ఎండ సూటిగా భార్య మీద పడుతోంది. కళ్ళలో తెలుపన్నదే లేదు. గుడ్లు పసుపుపచ్చగా ఉన్నాయి. మోచేతుల మీద గోళ్ళతో గీరుకున్న గీతలు. ఇదే ఇంట్లో, ఇదే మనిషి పక్కన తిరుగుతూ ఇన్ని రోజులుగా తను ఆమెని తెర మీద తప్ప సరిగ్గా చూడలేదని ఆయనకి అప్పుడు తెలిసింది. చూడాలంటే భయమేసేది. తెర మీదైతే సరిదిద్దుకోవచ్చు.

"దురదగా ఉందా నీకు?"

ఆమె బట్టలకేసి చూసింది. "ఉంది."

"మరి లేదన్నావేం?"

"మీరు ఇల్లెగిరేలా అరిచి అడుగుతారు. గోడవతల పక్కింటావిడ ఉంటుంది. మూత్రం ఏ రంగని కూడా అలాగే అడిగారు. ఏం చెప్పమంటారు? చెబితే మందు ఆపేస్తారేమోనని అదొక భయం."

"ఎన్నాళ్ళ నుంచక్కా?" అంది చెల్లెలు.

"మీ బావ బల్బు మార్చాడే, అప్పట్నుంచి."

ఫోన్ మోగింది. పదకొండు. ఆయన ముందుగదిలోకి పరుగెత్తి, స్టాండు నుంచి ఫోన్ ఊడబెరుక్కుని వరండాలోకి తెచ్చాడు.

"ఇక్కడ బాగుండనండీ," అంది ఆమె.

"బాగుండక్కర్లేదు."

ఫోన్ ఎత్తి ఆమె మొహానికి ఎదురుగా పట్టుకున్నాడు. డాక్టరమ్మ నవ్వుతూ పలకరించబోయి మధ్యలో ఆగింది. కిందిరెప్ప లాగి చూపించమంది.

"ఇంత పసుపు పోయిన వారం లేదే!"

ఊరుకుంటే సరిపోయేది. నిన్న మొన్నటి నుంచే అంటే నమ్మేది కూడా. మరదలు ఆయన మొహంలోకి చూస్తోంది.

"ఉందండీ," అన్నాడు. "నేనే కనబడకుండా చేశాను." దీపం, నీలం కాగితం, అంతా చెప్పాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఇవాళ మాత్ర వేసుకున్నారా?"

"ఎనిమిదింటికి."

"ఇక వెయ్యొద్దు. కారు మాట్లాడుకుని ఇప్పుడే బయల్దేరండి. మందు పడక కావచ్చు, జబ్బే కాలేయానికి పాకి ఉండొచ్చు. పరీక్ష చెయ్యందే చెప్పలేను. సార్, ఫోన్ అమ్మకిచ్చి మీరు కాస్త అవతలికి వెళ్తారా? ఆవిడతో విడిగా మాట్లాడాలి."

ఆయన ముందుగదిలోకి వచ్చి నిలబడ్డాడు. ఖాళీ కుర్చీ మీద నీలం వెలుగు ఇంకా పడుతూనే ఉంది. వరండాలోంచి భార్య గొంతు సన్నగా, ఆగకుండా వినిపిస్తోంది. అన్ని మాటలు ఆమె దగ్గర దాగి ఉన్నాయని ఆయనకి తెలియదు. దీపం ఆపాడు.

మరదలు సంచీ సర్దేసరికి కారు వచ్చింది. భార్య గుమ్మం దాటి ఎండలో ఆగింది.

"పగటి వెలుగులో నా కళ్ళ ఫోటో ఒకటి పంపమంది డాక్టరమ్మ. ఎలా నిలబడమంటారు?"

"ఎలా ఉన్నావో అలాగే."

తీశాడు. ఆమె చెయ్యి చాపి ఫోన్ తీసుకుని, చాలాసేపు చూసుకుంది.

"ఇలా ఉన్నానా?"

ఈ ప్రశ్నకి ఎన్ని వేలమందికో ఎన్ని తియ్యటి అబద్ధాలో చెప్పాడు.

"ఆఁ," అన్నాడు.

"పంపండి మరి," అని ఫోన్ ఆయన చేతిలో పెట్టి, చెల్లెలి భుజం పట్టుకుని కారెక్కింది.