వేడెక్కిన గుండు బరువు

బీరువా తాళం సత్తిరాజు గారి మొలతాడుకి వేలాడుతోంది. బీరువాలో లిడియా సర్టిఫికెట్లున్నాయి. అమలాపురంలోని ఓ ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడానికి చేరిన రోజే ఒరిజినల్స్ పుచ్చేసుకున్నారు. పుచ్చుకోవడానికున్న చెయ్యి ఇవ్వడానికి రాదు మన కాలేజీల వాళ్లకి! రేపు పొద్దున్న కాకినాడలో సర్కారు టీచరు ఉద్యోగానికి ఆ కాగితాలు చూపించాలి. లేకపోతే ఆరేళ్ల కష్టం గోదాట్లో కలిసినట్టే.

"ఇస్తానండీ, ఇవ్వనని ఎవరన్నారు?" అన్నారు సత్తిరాజు గారు. ఆయన కాలేజీకి కరస్పాండెంటు, అంతకుముందు నుంచీ ఎండు కొబ్బరి వ్యాపారి. "వేడిచేస్తే వస్తువు బరువు పెరుగుద్దని చెప్పేరంట మీరు. పిల్లలు పరీక్షలో అదే రాసి మార్కులు పోగొట్టుకున్నారు. తల్లిదండ్రులు నా మీద పడ్డారండీ. తప్పు చెప్పేనని క్లాసులో పిల్లల ముందు ఒప్పేసుకుని, ఫైలు పట్టుకెళ్లండి."

"తప్పు కాదండీ. శక్తి చేరితే ఆ మేరకు బరువూ చేరుతుంది. కిలో ఇనుముని రెండొందల డిగ్రీలు వేడిచేస్తే, గ్రాములో వంద కోట్ల వంతు పెరుగుతుందండీ. మన కాటాలకి అందదు."

"కాటాకి అందనిది బరువేంటండీ బాబూ! నలభై ఏళ్లు కొబ్బరి ఎండబెట్టేను. వేడి తగిలితే తగ్గుద్ది గానీ పెరగదు."

కొబ్బరిలో నీళ్లు పోతాయి కాబట్టి తగ్గుతుందని చెప్పబోయింది లిడియా. ఆయన వింటేగా! కొట్లోంచి కిలో ఇనప గుండు, బంగారం తూచే ఎలక్ట్రానిక్ కాటా తెప్పించి తిన్నగా క్లాసులోకి నడిచారు. కాటాకి వేడి తగలకుండా పైన పెంకు పెట్టి, చల్లటి గుండు తూచారు. తర్వాత దాన్ని స్టౌ మీద కాల్చి, పట్టకారుతో పెట్టారు. అంకె పావు గ్రాము తగ్గింది.

"చూసేరా!" అన్నారాయన. క్లాసంతా గొల్లున నవ్వింది.

ఎందుకు తగ్గిందో లిడియాకి తెలుసు. నోరు తెరిస్తే ఫైలు బీరువాలోనే ఉండిపోతుందనీ తెలుసు. అంతలో మూడో బెంచీలోంచి దుర్గాశ్రీ లేచింది.

"మేడం గారండీ, వేడికి చుట్టూ ఉన్న గాలి పైకి లేస్తది కదండీ. అదే గుండుని కాస్త పైకి లాగేసిందేమోనండీ. చల్లారేక మళ్లీ తూస్తే తెలిసిపోద్దండీ."

లిడియా ఒళ్లు పులకరించింది. ఆ మాట ఏ గైడులోనూ లేదు, తను చెప్పనూ లేదు. పిల్ల సొంతంగా ఆలోచించి పట్టేసింది! వెళ్లి దాన్ని గుండెలకి హత్తుకోవాలనిపించింది.

సత్తిరాజు గారు మొలతాడుకున్న తాళం తీసి వేళ్ల మధ్య తిప్పుతున్నారు.

"కూర్చోమ్మా," అంది లిడియా. "నువ్వన్నది తప్పు. నేను చెప్పిందీ తప్పే. వేడిచేస్తే బరువు పెరగదు. నోట్సులో కొట్టేయండి."

అందరూ కొట్టేశారు. దుర్గాశ్రీ మాత్రం పెన్ను మూత తియ్యలేదు, మేడం కళ్లలోకే చూస్తోంది.

"కొట్టెయ్యమ్మా, దుర్గా," అంది లిడియా మళ్లీ, బతిమాలుతున్నట్టు.

"ఆయ్," అంది ఆ పిల్ల. ఆ వాక్యం మీద రెండు గీతలు గీసింది. "సారీ మేడం గారండీ. నాకు తెలీక వాగేనండీ."